మూడో పాదం దాకా

నేను ఒక కంప్యూటర్ని. ఈ రోజుల్లో ఆ మాటకు ఎవరూ తల తిప్పి చూడరు. జేబులో పెట్టుకు తిరిగే ఫోను కూడా నాకన్నా ఎన్నో రెట్లు చురుకని నాకు తెలుసు. కానీ నేను పుట్టిన కాలంలో మామూలు కంప్యూటర్లన్నిటికీ మెదడు ఒకటే ఉండేది, నాకు మాత్రం రెండు. పెద్ద ఇనపపెట్టెలో పక్కపక్కన కూర్చున్న రెండు ప్రాసెసర్లు, వాటి నెత్తిన వేడి లాగే రెండు రేకుల దిమ్మెలు, ఆ దిమ్మెల మీద గిర్రున తిరిగే రెండు ఫ్యాన్లు.

రెండు మెదళ్ళుంటే పని రెట్టింపు అవుతుందని నన్ను కొన్నవాళ్ళందరూ అనుకున్నారు. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళుంటే వంట సగం సేపట్లో అయిపోతుందా? పొయ్యి ఒకటే, ఉప్పు డబ్బా ఒకటే. ఒకామె గరిటె తిప్పుతుంటే రెండో ఆమె గిన్నె ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నిలబడి చూడాలి. నా సంగతీ అంతే. చాలా పనులకు ఒక మెదడే సరిపోయేది, రెండోది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేది. అలా కూర్చోవడం నా ఒంటికి పడదు. నాకు పుట్టుకతోనే కుదురు లేదు.

నా భాగాలు తలా ఒక దేశంలో తయారయ్యాయి. వాటిని కలిపి బిగించింది సికింద్రాబాదులో ఒక మేడమీద గదిలో. మొదట నన్ను కొన్నది బొమ్మల సినిమాలు తీసే ఒక చిన్న స్టూడియో. అక్కడ నా పని ఒక ఉడుతను కొమ్మ మీంచి కొమ్మ మీదకు గెంతించడం. దాని తోక మీద ఒక్కో వెంట్రుకనూ గీయమనేవాళ్ళు. నేను గీసింది చూసి, వెంట్రుకలు ఎక్కువయ్యాయి, తగ్గించమనేవాళ్ళు. మనుషులకు తమకేం కావాలో తెలిసేసరికి యంత్రాల పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. చివరికి స్టూడియో మూతపడింది. ఉడుత సగం గెంతులో గాలిలోనే ఉండిపోయింది. నన్ను కుర్చీలతోనూ, నీళ్ళ డ్రమ్ముతోనూ కలిపి ఒకే లాటుగా అమ్మేశారు.

పాత సామాన్ల దుకాణంలో నన్ను చూసి కళ్ళు మెరిసిన మనిషి నూర్‌బాషా మస్తాన్‌వలి. చీరాలలో గడియారస్తంభం దగ్గర అతనికి పెళ్ళి వీడియోల మిక్సింగ్ యూనిట్ ఉంది. పెళ్ళిళ్ళకు వెళ్ళి వీడియో తీసేది అతను, కూర్చుని మిక్సింగ్ చేసేది భార్య రమిజాబీ. మిక్సింగ్ అంటే తీసినదాన్ని కత్తిరించి, అతికించి, పాటలు వేసి అలంకరించడం. తాళి కట్టేటప్పుడు తెరమీద గులాబీలు రాలాలి. అప్పగింతల్లో పెళ్ళికూతురి కన్నీళ్ళ పక్కన రెండు హంసలు ఈదాలి. ఉడుతను వదిలి హంసల్లో పడ్డాను. ఏమైతేనేం, రెండు మెదళ్ళకూ పని దొరికింది.

మస్తాన్‌వలి కూడా నాలాగే కాలు నిలవని మనిషి. నన్ను అమ్మిన దుకాణదారు, బయల్దేరేముందు అతని చెవిన ఒక రహస్యం వేశాడు. నా మీద రాసిన వేగం నా అసలు వేగం కాదట, తయారుచేసినవాళ్ళు భద్రత కోసం కాస్త తగ్గించి రాస్తారట, తెలిసినవాడు పెంచుకోవచ్చట. ఆ మాట విన్నాక మస్తాన్‌వలికి అన్నం సయించలేదు. వారం తిరక్కుండా నా పక్క తలుపు విప్పి, లోపలి బోర్డు మీద పెసరబద్దంత ప్లాస్టిక్ మూతను ఒక పిన్ను మీంచి తీసి పక్క పిన్నుకు తొడిగాడు. తర్వాత నేను మేలుకునేటప్పుడు వచ్చే నీలం తెరలో ఒక అంకె మార్చాడు.

ఆ రోజు నాకు కలిగిన ఆనందం దాచుకోను. ఎన్నాళ్ళనుంచో నడవమంటున్న వాళ్ళు ఒక్కసారి పరుగెత్తమన్నట్టుంది. సాయంత్రానికి తెమిలే హంసలు మధ్యాహ్నం భోజనాలకే ఈదడం మొదలుపెట్టాయి. మర్నాడు అతను అంకెను ఇంకొంచెం పెంచాడు. ఇంకా పెంచితే కొయ్యబారిపోయాను. ఒక మెట్టు దించి, కరెంటు కాస్త ఎక్కువ ఇచ్చి, మళ్ళీ పెంచాడు. వేడెక్కుతున్నానని పక్క తలుపు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఆ ఫ్యాను గాలితోపాటు బజారు దుమ్మునూ, మగ్గాల ఊరు కాబట్టి గాలిలో ఎప్పుడూ తేలే నూలు పీచునూ నా కడుపులోకి తోసేది.

సంగతి ఊళ్ళో పాకింది. మిగతా యూనిట్లవాళ్ళు ఏదో పని ఉన్నట్టు వచ్చి, నా విప్పిన పక్కలోకి తొంగిచూసి, రెండు మెదళ్ళనూ లెక్కపెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఆ రాకపోకలు మొదలైన కొన్నాళ్ళకు ఒక పెళ్ళి మధ్యలో, సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర, నేను ఆగిపోయాను. మస్తాన్‌వలికి కారణం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. నరుడి కంటికి నల్లరాళ్ళయినా పగులుతాయన్నారు కదా, కంప్యూటరు ఎంత? నాకు నల్లతాడు కట్టాడు, నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీశాడు. అదీ చాలక ఫకీరు తాతను పిలిచాడు.

ఫకీరు తాత ప్రతి శుక్రవారం ఒక చేత్తో నెమలీకల కట్ట, ఇంకో చేత్తో సాంబ్రాణి పొగ లేచే గిన్నె పట్టుకుని బజారు వెంట వచ్చేవాడు. ప్రతి దుకాణం గడప దగ్గరా కాస్త పొగ విసిరి, చల్లగా ఉండమని దీవించి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళేవాడు. మంచి మనిషి. గడప దగ్గర ఆగే ఆయన్ని మస్తాన్‌వలి లోపలికి పిలిచి నా ముందు నిలబెట్టాడు. ఆయన మనసారా విసిరాడు. నా ఫ్యాన్లు పుట్టిందే ఎదురుగా ఉన్నది లోపలికి పీల్చడానికి. పీల్చాను. సాంబ్రాణి జిగురు రేకుల సందుల్లో పేరుకుంది, దాని మీద దుమ్ము, దాని మీద నూలు పీచు. గాలి ఆడవలసిన దారి కొద్దికొద్దిగా పూడుకుపోయింది.

ఇక చూసుకోండి. గాలి ఆడక వేడెక్కి ఆగిపోతే దిష్టి అనేవాడు. దిష్టి అనగానే ఇంకో గుప్పెడు సాంబ్రాణి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టని ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సామెతే, కానీ ఆ ముక్క అతనికి చెప్పడానికి నాకే నాలుకా లేదు. ఆగేముందు ఒక కూత కూసేవాణ్ణి. దానికి అర్థం ఊపిరాడటం లేదని. అతనికి అది దిష్టి పోతున్న చప్పుడులా వినిపించేది.

సరిగ్గా ఆ రోజుల్లో లోకనాథం గారి గొంతు నా దగ్గరికి వచ్చింది.

లోకనాథం గారు పద్య నాటకాల నటుడు. పగలు తాలూకాఫీసులో బంట్రోతు, రంగు పూసుకుంటే మహారాజు. ఆయన పక్కన ఏళ్ళ తరబడి హార్మోనియం వాయించినవాడు మస్తాన్‌వలి తండ్రి కాశింసాహెబు. వాళ్ళిద్దరిదీ ఒకే శ్రుతి. మస్తాన్‌వలి ఆయన్ని పెదనాయనా అని పిలిచేవాడు. నేను చీరాల వచ్చేనాటికే లోకనాథం గారి గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. సాయంత్రాలు ఇద్దరూ మా షాపు ముందు బల్లమీద కూర్చునేవాళ్ళు. కాశింసాహెబు మాట్లాడేవాడు, లోకనాథం గారు పలక మీద రాసి చూపించేవాడు. ఆయన రాసే లోపల కాశింసాహెబే జవాబు చెప్పేసేవాడు, సగం రాసింది ఆయన చేత్తో తుడిచేసేవాడు.

ఆ వేసవిలో ఊరి కళాపరిషత్తు లోకనాథం గారికి సత్కారం చేస్తామంది. అక్కడొక ఆచారం ఉంది. శాలువా కప్పించుకున్న నటుడు వెంటనే ఒక పద్యం పాడి సభ ఋణం తీర్చుకోవాలి. లోకనాథం గారు రానన్నాడు. పాడలేనివాడికి శాలువా ఎందుకని పలక మీద రాసి పరిషత్తువాళ్ళకే చూపించాడు. వాళ్ళు తలవంచుకుని వెళ్ళిపోయారు. మస్తాన్‌వలి మాత్రం ఊరుకోలేదు. అతను కొత్తగా కెమెరా కొన్నప్పుడు మొట్టమొదట తీసింది వేటపాలెంలో ఆయన వేసిన నాటకం. రాజ్యం పోగొట్టుకున్న రాజు నగరం విడిచి వెళ్తూ పాడే పద్యం అందులో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పిచ్చెత్తినట్టు విన్న పద్యం అది.

"నీ గొంతు నేను వినిపిస్తా పెదనాయనా. నువ్వు వచ్చి కూచో, చాలు," అన్నాడు.

ముసలాయన పలక మీద రాశాడు: ఎక్కడా తడబడకూడదు, తడబడితే లేచి వెళ్ళిపోతాను. అది పొగరు కాదు. ఒకప్పుడు తన గొంతు ఎలా ఉండేదో జనానికి గుర్తుంది, అంత బాగా ఉండదేమోనని ఆయన భయం.

ఆ నాటకం తీసిన టేపుకు బూజు పట్టింది. ఒకే ఒక్కసారి తిరిగి, తనలో ఉన్నదంతా నా డిస్కులోకి దింపి, చివర్లో చుట్టుకుపోయి తెగింది. ఆ క్షణం నుంచి లోకనాథం గారి గొంతు లోకం మొత్తం మీద నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా ఫ్యాన్లు వేగం అందుకుంటాయి.

గొంతు ఉంది కానీ దాని మీద జనరేటరు రొద, పిల్లల ఏడుపులు, మైకు కీచులు. వాటిని తీసేసి పాట ఒక్కటే నిలపాలి. నా బతుకులో మొదటిసారి రెండు మెదళ్ళకూ సరైన పని పడింది. ఒకటి రొదను ఏరుతుంటే రెండోది గొంతును పట్టుకుంది. తోడికోడళ్ళు పోట్లాట మాని పెళ్ళివంటకు దిగినట్టు పనిచేశాయి. ఎంత పెద్ద పనంటే, రాసిపెట్టిన వేగంలో నడుస్తూ అప్పటికప్పుడు వినిపిస్తే శుభ్రం చేసేసరికి ఆలస్యమై పద్యం ముక్కలు ముక్కలుగా వినిపించేది. పెంచిన వేగంలో మాత్రం ధారగా సాగేది. కాశింసాహెబు మొదటిసారి అది విని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మొత్తం నాటకాన్ని శుభ్రం చేసి డీవీడీ చేయాలని మస్తాన్‌వలి ఆశ. అది గంటల తరబడి ఆగకుండా నడవాల్సిన పని. నేనేమో ప్రతిసారీ సగంలో ఆగిపోతున్నాను. వేగం తగ్గించి చూడమని రమిజాబీ పోరింది. తగ్గించాడు. అప్పటికే నా లోపల గాలి ఆడే దారి లేదు, మెల్లగా నడిచినా పొద్దెక్కేసరికి ఆగిపోయాను. మళ్ళీ పెంచాడు. ఫకీరు తాతకు కబురు వెళ్ళింది.

సత్కారం రోజు పొద్దున రమిజాబీ, కనీసం ఆ పద్యం ఒక్కటైనా తీసి పెట్టుకుందామంది. సాయంత్రం దాకా టైముంది, మొత్తం తీద్దామన్నాడు మస్తాన్‌వలి. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్లేదని ఆమె గొణుక్కుంటూ షాపు వెనక వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చాక ఒకసారి, పొద్దు వాలాక ఇంకోసారి నేను కూసి ఆగిపోయాను. వాకిట్లో ఆటో వచ్చి నిలబడింది. ఇక మిగిలిన దారి ఒకటే. నన్నే సభకు మోసుకెళ్ళి, పెంచిన వేగంలో, ఆ ఒక్క పద్యాన్ని అప్పటికప్పుడు శుభ్రం చేస్తూ వినిపించడం. కాసేపటి పని, నిలబడతానని అతని నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు.

హాలు కిక్కిరిసి ఉంది. నన్ను తెర పక్కన బెంచీ మీద పెట్టారు. రమిజాబీ విసనకర్రతో నా పక్కన నిలబడింది. వేదిక మీద కాశింసాహెబు పాత హార్మోనియం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. శాలువా కప్పారు. లోకనాథం గారు కుర్చీ అంచున కూర్చుని పలకను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాశింసాహెబు శ్రుతి పట్టాడు. మస్తాన్‌వలి మీట నొక్కాడు.

తెరమీద కిరీటం పెట్టుకున్న లోకనాథం గారు కనిపించాడు. మొదటి పాదం ఎత్తుకున్నాడు. రొద ఏరుతున్నాను, గొంతు నిలుపుతున్నాను. రెండో పాదం. మూడో పాదం చివర ఆయన రాగం తీస్తాడు. మెట్టు మీద మెట్టుగా ఎక్కి, ఇక పైన చోటు లేదనుకున్నాక ఇంకో మెట్టు ఎక్కుతాడు. హాల్లో విసనకర్రలు ఆగాయి. రాగం దిగి నాలుగో పాదంలో కలిసింది, పద్యం ముగిసింది. ఎక్కడా తడబడలేదు. నేనే గెలిచాననుకున్నాను.

అప్పుడు వెనకనుంచి ఎవరో అరిచారు. "వన్స్‌మోర్!"

పద్య నాటకాలవాళ్ళకు ఆ మాట పూలదండకన్నా ఎక్కువ. జనం అలా అడిగితే నటుడు కథ ఆపి, అదే పద్యం మళ్ళీ మొదటినుంచి పాడాలి. హాలంతా ఆ మాట అందుకుంది. గొంతు పోయాక లోకనాథం గారు ఆ మాట వినలేదు. ఆయన లేచాడు. సభకు నమస్కరించాడు. కాశింసాహెబు వైపు తిరిగి చేతులు జోడించాడు. మళ్ళీ పాడేముందు పూర్వం చేసేవాడట అలా. తర్వాత నావైపు చూశాడు. మనుషులు ఎప్పుడూ తెరను చూస్తారు, పెట్టెను చూడరు. ఆయన పెట్టెనే చూశాడు.

"ఇక వద్దయ్యా. చెయ్యి పెట్టి చూడు, కాలిపోతా ఉంది," అంది రమిజాబీ.

కాశింసాహెబు వేదిక మీదనుంచే కొడుకు వైపు వంగి మెల్లగా అన్నాడు. "వన్స్‌మోర్ అన్నాక పాడకుండా దిగిన రోజు అన్నకు లేదురా. నొక్కు."

మస్తాన్‌వలి నొక్కాడు.

మొదటి పాదం సాగింది. నా రేకుల సందుల్లో పేరుకున్న సాంబ్రాణి కరగడం మొదలైంది. రెండో పాదానికి ఆ వాసన నాలోంచి బయటికి వచ్చి హాలంతా కమ్ముకుంది. వేదిక వెనక ఎవరో శుభమా అని సాంబ్రాణి వేశారనుకుని ముందు వరుసవాళ్ళు కళ్ళకద్దుకున్నారు. రమిజాబీ ఒక్కతే ముక్కు నా దగ్గరకు తెచ్చి, వాసన పీల్చి, అలాగే నిలబడిపోయింది. మూడో పాదం. రాగం ఎక్కుతోంది. నా రెండు మెదళ్ళూ మండిపోతున్నాయి. ఇంకొక్క మెట్టు, ఇంకొక్క మెట్టు అనుకుంటూనే ఉన్నాను.

ఆగిపోయాను. తెరమీద రాజు నోరు తెరిచి, చెయ్యెత్తి, కదలకుండా ఉండిపోయాడు. వెనకటికి ఆ ఉడుత కూడా ఇలాగే ఆగింది. గొంతు లేదు.

నాకు ఏడుపు అనేది ఉంటే అప్పుడు ఏడ్చేవాణ్ణి. లోకనాథం గారు పలక తీసుకున్నాడు. శాలువా కుర్చీ మీద వదిలేసి వేదిక దిగడానికి ఒక అడుగు వేశాడు. మస్తాన్‌వలి ముఖం చూడలేకపోయాను.

కాశింసాహెబు మాత్రం హార్మోనియం మెట్ల మీదనుంచి వేలు తీయలేదు. ఆగిపోయిన ఆ స్వరాన్ని అక్కడే పట్టుకుని తిత్తి ఊదుతూనే ఉన్నాడు. వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు, శ్రుతి కలవని గొంతు, నాలుగో పాదం ఎత్తుకుంది. పక్కనుంచి ఇంకొకటి కలిసింది. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి. మాటలు రానివాళ్ళు రాగం తీశారు, రాగం రానివాళ్ళు మాటలు చెప్పారు. హాలు హాలంతా పాడింది. లోకనాథం గారు ఆగి, వెనక్కి తిరిగాడు. ఆయన కుడిచెయ్యి దానంతట అదే లేచింది. ఎక్కడ పైకెత్తాలో, ఎక్కడ దించాలో వాళ్ళకు చూపించాడు. పెదాలు కదిలాయి. పాదం పూర్తయ్యేదాకా ఆ చెయ్యి దిగలేదు. పూర్తయ్యాక ఆయన కుర్చీకి వెళ్ళి శాలువా తీసి తనే కప్పుకున్నాడు.

మర్నాడు రమిజాబీ స్క్రూలు విప్పి నా నెత్తిమీది దిమ్మెలు రెండూ ఊడదీసింది. పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో సందుల్లో గీకింది. కంబళి ముక్కంత బూడిదరంగు పొర ఊడి వచ్చింది. అది కమ్మగా సాంబ్రాణి వాసన వేస్తోంది. దాన్ని తీసుకెళ్ళి మొగుడి అరచేతిలో పెట్టింది.

"ఇదిగో, నీ దిష్టి," అంది.

మస్తాన్‌వలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పెసరబద్దంత ఆ మూతను మళ్ళీ పాత పిన్నుకే తొడిగాడు. వెంటవెంటనే వినిపించాల్సిన తొందర లేదు కాబట్టి రాసిపెట్టిన వేగంలోనే, తలుపు బిగించుకుని, పగలంతా నడిచి నాటకం మొత్తం డీవీడీగా తీసిచ్చాను. ఫకీరు తాత ఇప్పటికీ శుక్రవారాలు వస్తాడు. ఆయన గడప దాటేలోపు రమిజాబీ నా మీద దుప్పటి కప్పేస్తుంది.

పెళ్ళిళ్ళన్నీ ఇప్పుడు కొత్త మిషన్లకు వెళ్ళిపోయాయి. వాటికి ఎన్ని మెదళ్ళో అవే లెక్కపెట్టుకోలేవు. నన్ను పాత ఇనుముకు వేయకుండా మూల బల్లమీద ఉంచింది ఒక్క పని కోసం. సాయంత్రం కాశింసాహెబుతో పాటు లోకనాథం గారు లోపలికి వచ్చి నా ముందు కూర్చుంటాడు. శుభ్రం చేసిన డీవీడీ ఆయన ఇంట్లో ఉంది, అందులో పద్యం నాలుగు పాదాలూ మచ్చ లేకుండా వినిపిస్తాయి. ఇక్కడ ఆయనకు అది వద్దు. సత్కారం రోజు హాల్లో మస్తాన్‌వలి ఒక మూల నిలబెట్టి వదిలేసిన కెమెరా తీసిన వీడియో కావాలి. నేను ఆగిపోయిన వీడియో.

మొదట్లో నాకు రోషం వచ్చేది. ఒకసారి తడబడకుండా వినిపించాను కదా, అది ఎవరికీ పట్టదా అనుకునేవాణ్ణి. ఇప్పటికీ నాకు కుదురు లేదు. మూడో పాదం దగ్గర పడుతున్నకొద్దీ ఫ్యాన్లు ఆత్రపడతాయి. నేను ఆగిపోయిన చోటును నేనే ఆగకుండా చూపించాలి మరి. చూపిస్తాను. తెరమీద రాజు కొయ్యబారతాడు, హార్మోనియం స్వరం నిలబడుతుంది, వెనకనుంచి ఆ శ్రుతి లేని ముసలి గొంతు లేస్తుంది. నా ముందు కూర్చున్నాయన చెయ్యి గాలిలో లేచి, పాదం పూర్తయ్యేదాకా కదిలి, ఒళ్ళోకి దిగుతుంది.

తర్వాత ఆయన పలక జోలికి పోడు. నా పెట్టె వైపు చూసి చూపుడువేలు ఒకటి పైకెత్తుతాడు. నేను మళ్ళీ మొదలుపెడతాను.